విజయనగరంలో దొరికే రసాయన గతిశాస్త్రం కిట్: క్రమాంకం సరే, స్థిరాంకం దగ్గరే తేడా

ఇంటర్ రెండో ఏడాది రసాయన శాస్త్రంలో పిల్లలు బట్టీ పట్టి గట్టెక్కే పాఠాల్లో, చర్యల వేగం గురించి చెప్పే రసాయన గతిశాస్త్రం ముందుంటుంది. రేటు నియమం (గాఢతలను బట్టి చర్య వేగాన్ని చెప్పే సమీకరణం) రాయమంటే రాస్తారు, అర్ధాయువు (గాఢత సగానికి పడే కాలం) సూత్రం అడిగితే చెబుతారు. 'ఈ చర్య క్రమాంకం ఒకటని నీకెలా తెలిసింది?' అంటే మాత్రం సమీకరణంలోని గుణకాల వైపు చూస్తారు. క్రమాంకమంటే రేటు నియమంలో గాఢత మీద ఉండే ఘాతం. అది ఒకటైతే గాఢత రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు, రెండైతే నాలుగు రెట్లు. ఆ ఖాళీని పూడ్చడానికి విజయనగరంలో కాలేజీలకు ల్యాబ్ సామాన్లు అమ్మే దుకాణాల్లో ఒక అట్టపెట్టె కిట్ దొరుకుతోంది. ధర 1,450 రూపాయలు. ఇంటర్, డిగ్రీ మొదటి ఏడాది వాళ్ల కోసమని పెట్టె మీద రాసి ఉంది.

లోపల 100 గ్రాముల సోడియం థయోసల్ఫేట్, 25 గ్రాముల పొటాషియం అయొడైడ్, 100 మిల్లీలీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్, 100 మిల్లీలీటర్ల 2 మోలార్ (లీటరుకు 2 మోల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఎసిటేట్ బఫర్ (ఆమ్లత్వాన్ని మారకుండా పట్టి ఉంచే ద్రావణం), కలిపి ఉంచిన స్టార్చ్ ద్రావణం, కొంచెం ఇథైల్ ఎసిటేట్ ఉంటాయి. వీటితో పాటు రెండు 25 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ కొలజాడీలు, ఒక థర్మామీటరు, నల్ల ఇంటూ గుర్తు వేసిన కార్డు, 12 పేజీల సూచనల పుస్తకం. స్టాప్‌వాచ్ లేదు. ఫోన్ ఉంటే చాలు కాబట్టి అది లోటు కాదు.

పుస్తకంలో మూడు ప్రయోగాలున్నాయి. డబ్బుకు తగ్గ విలువంతా రెండోదానిలో ఉంది. అదే అయొడిన్ గడియారం. గంటస్తంభం ఉన్న ఊళ్లో ఈ పేరు పిల్లలకు ఇట్టే పడుతుంది. పెరాక్సైడ్ అయొడైడ్‌ను అయొడిన్‌గా మారుస్తుంది. పుట్టిన అయొడిన్‌ను థయోసల్ఫేట్ పుట్టినట్టే మింగేస్తుంది. థయోసల్ఫేట్ అయిపోయిన మరుక్షణం మిగిలిన అయొడిన్ స్టార్చ్‌ను పట్టుకుంటుంది, రంగు లేని ద్రావణం ఒక్కసారిగా నీలమవుతుంది. థయోసల్ఫేట్ ఎంత పోశామో తెలుసు కాబట్టి ఎంత అయొడిన్ పుట్టిందో తెలుసు. ఎంతసేపట్లో పుట్టిందో గడియారం చెబుతుంది. రెండూ ఉంటే రేటు వచ్చేసినట్టే. 1860ల్లో హార్‌కోర్ట్, ఎసన్ ఆక్స్‌ఫర్డ్‌లో చర్యల వేగాన్ని లెక్కగట్టడానికి ఎంచుకున్న చర్యల్లో ఇదొకటి. నూట అరవై ఏళ్లయినా పిల్లలకు చూపడానికి ఇంతకంటే మంచి చర్య దొరకడం కష్టం.

కిట్‌లో ఇచ్చిన కొలతలు ఇవి. 0.10 మోలార్ అయొడైడ్ 10 మిల్లీలీటర్లు, 0.005 మోలార్ థయోసల్ఫేట్ 5, స్టార్చ్ 5, బఫర్ 10, నీళ్లు 10, చివరగా 0.10 మోలార్ పెరాక్సైడ్ 10. మొత్తం 50. రెండో విడతలో నీళ్లు మానేసి అయొడైడ్ 20 పోయాలి. మూడో విడతలో అయొడైడ్ మళ్లీ 10, పెరాక్సైడ్ 20. మొత్తం ఎప్పుడూ 50 దగ్గరే నిలవాలి, అందుకే ఆ నీళ్లు. ఇది చాలామంది తేలిగ్గా తీసుకునే మెలిక. నీళ్లు సర్దకుండా అయొడైడ్ రెట్టింపు పోస్తే మొత్తం 60 అవుతుంది, మిగతా వాటన్నిటి గాఢతా పడిపోతుంది. ఒకటే మార్చామని అనుకుంటాం గానీ ఇంకో నాలుగు కూడా మారిపోతాయి.

పెరాక్సైడ్‌ను ఆఖర్న ఒక్క ఊపున పోయాలి. పోసిన క్షణాన స్టాప్‌వాచ్ నొక్కాలి. 30 డిగ్రీల దగ్గర లెక్క ప్రకారం మొదటి విడతకు సుమారు 37 సెకన్లు, మిగతా రెండింటికీ చెరో 19 సెకన్లు రావాలి. కాలాల నిష్పత్తి సంవర్గమానాన్ని 2 సంవర్గమానంతో భాగిస్తే క్రమాంకం. 37ను 19తో భాగిస్తే 1.95, దాని సంవర్గమానం 0.29, దాన్ని 0.301తో భాగిస్తే 0.96. అంటే ఒకటి. పెరాక్సైడ్‌కూ అంతే. మొత్తం క్రమాంకం రెండు.

ఇక్కడే పిల్లల్ని ఆపి అడగాలి. తుల్య సమీకరణంలో ఒక పెరాక్సైడ్, రెండు అయొడైడ్, రెండు హైడ్రోజన్ అయాన్లు ఉన్నాయి. గుణకాలు కూడితే ఐదు. మరి ప్రయోగం రెండంటోందేం? ఐదు కణాలు ఒకే క్షణాన ఒకేచోట ఢీకొనడం జరిగే పని కాదు గనుక. నెమ్మదిగా నడిచే మొదటి మెట్టులో ఒక పెరాక్సైడ్ అణువు, ఒక అయొడైడ్ అయాన్ మాత్రమే కలుస్తాయి. మిగిలిన అయొడైడ్, హైడ్రోజన్ అయాన్లు ఆ తర్వాతి వేగవంతమైన మెట్లలో చేరతాయి. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాడు ఒక్కడే అయితే ఆకులెన్ని వేసినా బంతి కదిలేది అతని చేతి వేగంతోనే కదా, అలాగన్నమాట.

కిట్ తయారుచేసినవాళ్లను మెచ్చుకోవాల్సింది బఫర్ విషయంలో. చవక కిట్లలో బఫర్‌కు బదులు సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇస్తారు. ఆమ్లం ఎక్కువైతే ఈ చర్యకు రెండో దారి తెరుచుకుంటుంది. అందులో హైడ్రోజన్ అయాన్ కూడా రేటు నియమంలోకి దిగుతుంది. మిశ్రమంలో హైడ్రోజన్ అయాన్ లీటరుకు 0.2 మోల్ ఉంటే రేటు సుమారు నాలుగు రెట్లవుతుంది, నీలం రంగు పదిహేను సెకన్ల లోపే వచ్చేస్తుంది. ఎసిటేట్ బఫర్‌లో ఆ రెండో దారి దాదాపు మూసుకుపోయి ఉంటుంది. అందుకే క్రమాంకాలు శుభ్రంగా వస్తాయి.

ఇక తప్పు దగ్గరికొద్దాం. 0.10 మోలార్ థయోసల్ఫేట్ 500 మిల్లీలీటర్లు చేయడానికి 7.9 గ్రాములు తూయమని పుస్తకం చెబుతోంది. అది నీరు లేని లవణానికి సరిపోయే లెక్క, దాని మోలార్ ద్రవ్యరాశి 158. సీసాలో ఉన్నది మాత్రం ఐదు నీటి అణువులున్న స్ఫటికాలు, మోలార్ ద్రవ్యరాశి 248. తూయాల్సింది 12.4 గ్రాములు. పుస్తకాన్ని నమ్ముకుంటే ద్రావణం 0.10 బదులు 0.064 మోలారే అవుతుంది. అదే ద్రావణాన్ని ఇరవై రెట్లు పలుచన చేసి గడియారంలో వాడతాం కాబట్టి తప్పు అక్కడికీ వెంట వస్తుంది.

దాని ఫలితం చూడండి. మొదటి విడతలో 37 సెకన్లకు బదులు 24 సెకన్లకే నీలమవుతుంది. మిగతా రెండూ 12 దగ్గర. నిష్పత్తి మళ్లీ రెండే, క్రమాంకం మళ్లీ ఒకటే. తప్పు బయటపడదు! రేటు స్థిరాంకం (రేటు నియమంలో గాఢతల ముందు ఉండే మారని అంకె) దగ్గర మాత్రం దొరికిపోతుంది. సరైన ద్రావణంతో అయితే పుట్టిన అయొడిన్ లీటరుకు 0.00025 మోల్, దాన్ని 37తో భాగించి, 0.02 ఇంటూ 0.02తో మళ్లీ భాగిస్తే సుమారు 0.017 వస్తుంది. ప్రమాణం లీటర్/మోల్/సెకను. తప్పు ద్రావణంతో చేసి సరైనదనుకుంటే 0.026 దాటుతుంది. ఒకటిన్నర రెట్లకు పైగా తేడా.

ఈ లోపంలోనూ ఒక పాఠం ఉంది. క్రమాంకం నిష్పత్తుల మీద ఆధారపడుతుంది, కాబట్టి తూకంలో తప్పును మన్నిస్తుంది. స్థిరాంకం అసలు గాఢత మీద ఆధారపడుతుంది, అది మన్నించదు. ఈ కిట్ విషయంలో చివరిదాకా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇదే. పెరాక్సైడ్ సీసాకూ ఇదే వర్తిస్తుంది. 3 శాతం అని చీటీ ఉన్నా, దుకాణం బీరువాలో రెండు వేసవులు గడిపిన సీసాలో అంత ఉంటుందన్న భరోసా లేదు. 3 శాతమైతే లీటరుకు 0.88 మోల్, 250 మిల్లీలీటర్ల 0.10 మోలార్ చేయడానికి 28 మిల్లీలీటర్లు కావాలి. మందుల షాపులో కొత్త సీసా తెచ్చుకోవడం మేలు. అయితే అక్కడ సాధారణంగా దొరికేది 6 శాతం, అంటే 20 వాల్యూమ్. అది 14 మిల్లీలీటర్లు చాలు. చీటీ చదవకుండా పోస్తే స్థిరాంకం మళ్లీ రెట్టింపు.

ఉష్ణోగ్రత సంగతి పుస్తకంలో ఒక్క వాక్యంతో సరిపెట్టారు, అది అన్యాయం. 'సార్, నిన్న 45 సెకన్లొచ్చింది, ఇయ్యాల 30కే వచ్చీసింది, ఏటిది?' అని అడిగే పిల్లాడికి జవాబు అందులో దొరకదు. ఈ చర్యకు ఉత్తేజన శక్తి (చర్య జరగడానికి అణువులు దాటాల్సిన శక్తి గట్టు) మోల్‌కు 55 కిలోజౌళ్ల దగ్గర ఉంటుంది. దాని ప్రకారం 30 డిగ్రీల చుట్టుపక్కల ఒక్క డిగ్రీ పెరిగితే రేటు 7 శాతం పెరుగుతుంది. జనవరి పొద్దుటి పూట ల్యాబ్ 24 డిగ్రీలుంటే మొదటి విడత 57 సెకన్ల దగ్గర, మే నెలలో 36 డిగ్రీలుంటే 24 సెకన్ల దగ్గర. అదే ద్రావణం, అదే కొలత.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఒకే పూటలో మొదటి విడతకూ రెండో విడతకూ మధ్య కరెంటు పోయి ఫ్యాన్లు ఆగినా, సీసా కిటికీ ఎండలోకి జరిగినా, ద్రావణం రెండు డిగ్రీలు వేడెక్కుతుంది. రేటు 15 శాతం అదనంగా పెరుగుతుంది. క్రమాంకం 1.0 రావాల్సింది 1.2 వస్తుంది. పిల్లలు దాన్ని 'భిన్న క్రమాంకం' అని రాసి పంపేస్తారు. తప్పించుకోవడం సులువు. ఒక ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి సీసాలన్నీ పావుగంట అందులో నిలబెట్టాలి, బీకరును కూడా అందులోనే ఉంచి కలపాలి. ప్రతి విడతకూ ఉష్ణోగ్రత రాసుకోవాలి. వేసవిలో కాలాలు మరీ చిన్నవైతే థయోసల్ఫేట్ 5 బదులు 10 పోయండి, కాలం రెట్టింపవుతుంది. రెండో, మూడో విడతల్లో తగ్గించడానికి నీళ్లు మిగలవు కాబట్టి అన్ని విడతల్లోనూ బఫర్‌ను 5కు తగ్గించి చోటు చేసుకోవచ్చు. అప్పుడైనా మొదటి విడతలో ఖర్చయ్యే పెరాక్సైడ్ రెండున్నర శాతమే, తొలి రేటు అనుకోవడానికి ఇబ్బంది లేదు.

నీళ్లు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే అదే అయొడైడ్‌ను అయొడిన్ చేసేస్తుంది. బోరు నీళ్లలో ఇనుముంటే పెరాక్సైడ్‌ను విడగొడుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఒకటి కొనుక్కుంటే ఈ గొడవ ఉండదు. గరివిడి, గర్భాం వైపు మాంగనీసు గనులున్న ఊళ్లలో చేసేవాళ్లు బల్ల మీద ధూళి కూడా తుడుచుకోవాలి. మాంగనీస్ డయాక్సైడ్ చిటికెడు పడినా పెరాక్సైడ్ బుసబుసా పొంగుతుంది. అయొడైడ్ ద్రావణం పసుపు తిరిగి ఉంటే అందులో అయొడిన్ ముందే పుట్టిందని అర్థం, పారబోసి కొత్తది చేసుకోవాలి. కిట్‌లో కలిపి ఇచ్చిన స్టార్చ్ చాలాసార్లు బూజు పట్టి వస్తుంది. అర గ్రాము స్టార్చ్‌ను చల్లటి నీళ్లలో ముద్ద చేసి 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లలో పోసుకుంటే సరి. ఉప్పు వేయని పలుచని గంజి వడకట్టి వాడినా పని నడుస్తుంది, రంగు నీలం కంటే కాస్త ఊదాగా ఉంటుందంతే.

25 మిల్లీలీటర్ల కొలజాడీతో 5 మిల్లీలీటర్లు కొలవడం కూడా తలనొప్పే. గీత దగ్గర అర మిల్లీలీటరు అటూఇటూ అయితే పది శాతం పోయినట్టు. సూది తీసేసిన 10 మిల్లీలీటర్ల సిరంజీలు నాలుగు కొని, దేనికి ఏ ద్రావణమో పెన్నుతో రాసి పెట్టుకోండి. పెరాక్సైడ్ సిరంజీని పొరపాటున అయొడైడ్ సీసాలో ముంచితే ఆ పూటకు ప్రయోగం ముగిసినట్టే.

మొదటి ప్రయోగం అందరికీ తెలిసిందే. థయోసల్ఫేట్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే గంధకం తేలి ద్రావణం మసకబారుతుంది, కింద పెట్టిన ఇంటూ గుర్తు కనపడకుండా పోయే కాలం కొలుస్తాం. థయోసల్ఫేట్ 50, 40, 30, 20, 10 మిల్లీలీటర్లు, నీళ్లతో ప్రతిసారీ 50 చేసి, 5 మిల్లీలీటర్ల ఆమ్లం. కాలం విలోమాన్ని గాఢతతో గ్రాఫు గీస్తే దాదాపు మూల బిందువు గుండా పోయే సరళరేఖ వస్తుంది, థయోసల్ఫేట్‌కు క్రమాంకం ఒకటి దగ్గర. ఆమ్లాన్ని మార్చి చూస్తే కాలం కొద్దిగానే మారుతుంది.

అలాంటిది పుస్తకం ఏడో పేజీలో ఈ చర్యకు రేటు నియమాన్ని థయోసల్ఫేట్ గాఢత ఇంటూ ఆమ్లం గాఢత వర్గం అని అచ్చేశారు. సమీకరణంలో ఆమ్లం ముందు 2 ఉంది కాబట్టి వర్గమట! కిట్ ఏ భ్రమను పోగొట్టడానికి పుట్టిందో ఆ భ్రమనే అచ్చులో పెట్టి చేతికిచ్చారు. నిజంగా వర్గమైతే ఆమ్లం సగం చేసినప్పుడు కాలం నాలుగు రెట్లు కావాలి. పిల్లలచేత అదే చేయించి, అచ్చులో ఉన్నదాన్ని వాళ్లచేతే కొట్టేయించడం ఈ పేజీకి తగిన మర్యాద.

ఈ ప్రయోగంలో చెడగొట్టేవి రెండు. ఒకటి, బీకరు గోడకు పట్టిన గంధకం పొర. కడగకుండా తర్వాతి విడత చేస్తే గుర్తు ముందే మాయమవుతుంది. రెండు, చూసే కన్ను. ఐదు విడతలూ ఒక్కరే చూడాలి, ఒకే ఎత్తు నుంచి, ఒకే వెలుతురులో. వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ ఉబ్బసం ఉన్నవాళ్లకు మంచిది కాదు. కిటికీలు తెరిచి చేయండి, అయిపోయిన ద్రావణాన్ని వాషింగ్ సోడా కలిపిన నీళ్ల బకెట్లో పోసేయండి.

మూడోది ఇథైల్ ఎసిటేట్ జలవిశ్లేషణ. మిథ్యా ప్రథమ క్రమాంకానికి (నీళ్లు మరీ ఎక్కువగా ఉండటంతో క్రమాంకం ఒకటిలా కనపడటానికి) మంచి ఉదాహరణే. కానీ పది నిమిషాలకోసారి తీసి, మంచులో ఆపి, క్షారంతో అంశమాపనం (టైట్రేషన్) చేయాలి, చివరి విలువ కోసం మర్నాటిదాకా ఆగాలి. బ్యూరెట్, క్షారం, మంచు కిట్‌లో లేవు. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో కుదిరే పని కాదు. డిగ్రీ కాలేజీలకు వదిలేయండి.

పుస్తకం చివర ఇచ్చిన గ్రాఫు అభ్యాసాలు బాగున్నాయి గానీ ఒక లోపం ఉంది. చర్య 20 శాతం జరిగేదాకా ఉన్న అంకెలిచ్చి, గాఢత, దాని సంవర్గమానం, దాని విలోమం, మూడింటినీ కాలంతో గీసి ఏది సరళరేఖో చెప్పమన్నారు. మూడూ సరళరేఖల్లాగే కనపడతాయి. ప్రథమ క్రమాంక చర్యలో గాఢత 1 నుంచి 0.80కి పడేలోగా సగం కాలం దగ్గర 0.894 ఉంటుంది. శూన్య క్రమాంకమైతే 0.900. పెన్సిల్ మొన మందమంత తేడా కూడా లేదు. మూడు అర్ధాయువులు గడిచేదాకా వెళ్తే అదే పోలిక 0.354కీ 0.5625కీ మధ్య. అప్పుడు గుడ్డివాడికైనా తెలుస్తుంది. కాబట్టి ఆ అభ్యాసాలకు కనీసం 80, 90 శాతం దాకా అంకెలు మీరే చేర్చి ఇవ్వండి.

పుస్తకంలోని పట్టిక లెక్కల్లో ఒకటి మాత్రం ఈఏపీసెట్‌కు చదివేవాళ్లకు పనికొస్తుంది. రెండు క్రియాజనకాల గాఢతలూ 0.1 ఉంటే రేటు 0.05. మొదటిది 0.2 చేస్తే 0.10. మొదటిది 0.2, రెండోది 0.3 చేస్తే 0.90. మొదటి వరుసకు మూడో వరుసను పోల్చి తికమకపడకుండా, రెండో వరుసతో మూడో వరుసను పోల్చాలి. అక్కడ రెండోది మాత్రమే మారింది, మూడు రెట్లకు తొమ్మిది రెట్లు. క్రమాంకాలు ఒకటి, రెండు. స్థిరాంకం 50. జవాబుల పేజీలో దీనికి ప్రమాణం 'సెకను విలోమం' అని ఇచ్చారు, అది ప్రథమ క్రమాంకానిది. మొత్తం క్రమాంకం మూడు కాబట్టి లీటర్ వర్గం/మోల్ వర్గం/సెకను అని దిద్దుకోవాలి. ప్రమాణం చూసి క్రమాంకం కనిపెట్టమనే ప్రశ్నలు వస్తుంటాయి, ఇలాంటి అచ్చుతప్పు మార్కు తినేస్తుంది.

కొనేముందు ఇంకో లెక్క. అయొడైడ్ 25 గ్రాములతో లీటరున్నర 0.10 మోలార్ ద్రావణం అవుతుంది, వందకు పైగా విడతలు నడుస్తాయి. థయోసల్ఫేట్ 100 గ్రాములు ఇంటూ గుర్తు ప్రయోగాన్ని ఇరవై ఆరు సార్లు చేయిస్తుంది. ఆమ్లం మాత్రం ఒక్కో సారికి 25 మిల్లీలీటర్లు తాగుతుంది, నాలుగు బృందాలకే సీసా ఖాళీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న కాలేజీలు 17 మిల్లీలీటర్లను నీళ్లలోకి పోసి 100 చేసుకుంటే మళ్లీ 2 మోలార్ దగ్గరికొస్తుంది. నీళ్లలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు కాదు. ల్యాబ్ లేని ట్యూషన్ సెంటర్లు ఆ పని పెట్టుకోవద్దు, కిట్ కొనేటప్పుడే 2 మోలార్ సీసాలు అదనంగా అడగండి. పెరాక్సైడ్ సీసా మీద తయారీ నెల చూసి, ఆరు నెలలు దాటి ఉంటే అక్కడికక్కడే మార్చమనండి.